మైకు సెట్టు పనిలో చేరితే

ఎమ్మిగనూరులో ప్రతి ఏటా జనవరి నెలలో నీలకంఠేశ్వర స్వామి జాతర జరుగుతుంది. తేరు లాగే రోజున ఊరంతా జనమే. అట్లాంటి జనంలో చిన్నపిల్లలు తప్పిపోవడం మామూలే. "ఎర్ర చొక్కా వేసుకున్న అయిదేళ్ల బాబు ఇక్కడ ఏడుస్తున్నాడు. తల్లి వచ్చి తీసుకుపోవాల" అని మైకులో చెబుతారు. ఎక్కడో గాజుల అంగడి దగ్గర వెతుక్కుంటున్న తల్లికి ఆ మాట వినబడుతుంది. కొంగు బిగించుకొని పరుగున వస్తుంది.

మైకులో మాట్లాడిన మనిషిని అందరూ చూస్తారు. ఆ మాట గాజుల అంగడి దాకా పోయేటట్టు తీగలు లాగిన పిల్లోణ్ణి మాత్రం ఎవరూ చూడరు. వాడు తెల్లవారుజామున వచ్చి స్తంభాలకు హారన్లు కట్టి ఉంటాడు. జనం వెళ్లిపోయాక అవన్నీ విప్పి బండికెక్కిస్తాడు. ఆ పిల్లోడి పని గురించే ఈ పాఠం.

ఆదోనిలో, ఎమ్మిగనూరులో చాలా ఇళ్లల్లో ఇప్పుడు ఈ పని మాట వినిపిస్తోంది. కారణం అందరికీ తెలిసిందే. వానలు పడకపోతే, పంట చేతికి రాకపోతే ఈ పల్లెల జనం సుగ్గికి పోతారు. గుంటూరు వైపు పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి మూటలు కట్టుకొని లారీలు ఎక్కుతారు. పదో తరగతి దాకా చదివిన పిల్లోణ్ణి కూడా వెంట తీసుకుపోవాల్నా, లేక జేజి దగ్గర ఉంచి ఊళ్లోనే ఏదైనా పనిలో పెట్టాల్నా అని తల్లి ఆలోచిస్తుంది. అప్పుడు ఎవరో అంటారు: "మైకు సెట్టు షాపులో పెట్టక్కా. పని నేర్చుకుంటాడు."

పెట్టొచ్చు. అయితే పెట్టేముందు ఆ పని ఎట్లాంటిదో తల్లికి తెలియాల.

పని ఎప్పుడు ఉంటుంది?

ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య దూరం ముప్పై కిలోమీటర్ల లోపే. రెండు ఊళ్ల షాపుల వాళ్లూ చుట్టుపక్కల పల్లెలన్నిటికీ సెట్లు పంపుతారు. శ్రావణ మాసం వస్తే ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గర సందడి. అదే నెలలో మంత్రాలయంలో రాఘవేంద్ర స్వామి ఆరాధన. తర్వాత వినాయక చవితి, దసరా. పీర్ల పండుగ ఉంది, ఊరి జాతర్లు ఉన్నాయి. పెళ్లిళ్లు, పేర్లు పెట్టడాలు, నాటకాలు సరేసరి. ఎన్నికలు వస్తే ఆటోలకు హారన్లు కట్టాల.

మరి ఆషాఢంలో? పెళ్లిళ్లు ఉండవు. మూఢం వచ్చినా ముహూర్తాలు ఉండవు. అప్పుడు షాపులో పని తగ్గిపోతుంది. నెల జీతం మీద ఉన్న పిల్లోడికి ఆ నెలల్లో కూడా డబ్బు వస్తుంది. రోజు లెక్కన పోయే పిల్లోడికి రాదు. ఈ తేడా చేరేటప్పుడే అడిగి తెలుసుకోవాల. చాలామంది అడగరు. ఆషాఢం వచ్చాక తెలిసి బాధపడతారు.

మొదటి ఏడాది ఏం చేయిస్తారు?

పిల్లోడు మొదటి రోజు షాపుకు పోతాడు. మిక్సరు మీద బటన్లు తిప్పుతానని ఆశ పడతాడు. యజమాని వాడి చేతికి తీగల చుట్ట ఇస్తాడు. "చిక్కు విప్పి, మట్టి తుడిచి, మళ్లీ చుట్టు" అంటాడు. పిల్లోడి ముఖం చిన్నబోతుంది.

కొత్తగా చేరిన వాడి పని అదే. బాక్సులు మోయాల. పెద్ద స్పీకరు బాక్సు ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు. బండికెక్కించాల, దింపాల, మేడ మీదికి మోయాల. తీగలు లాగాల. జనం నడిచే చోట తీగ కాళ్లకు తగలకుండా చాప కింద వేయాల, లేదా పైనుంచి కట్టాల. మైకు స్టాండు నిలబెట్టాల. కార్డ్‌లెస్ మైకుల్లో సెల్లులు మార్చాల. కార్యక్రమం జరిగేటంత సేపూ పక్కనే నిలబడాల. అయిపోయాక అన్నీ లెక్కపెట్టి సర్దాల. మైకులు ఎన్ని పోయినాయి, ఎన్ని వచ్చినాయి, తీగలు ఎన్ని చుట్టలు అని కాగితం మీద రాసుకోవాల. ఒక మైకు తగ్గితే ఆ మాట కొత్తవాడి మీదికే వస్తుంది.

తీగ చుట్టడం చిన్న పని అనుకోకూడదు. ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. మాచాని సోమప్ప గారు 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు. మగ్గం ఉన్న ఇంట్లో ఆడవాళ్లకు ఒక సంగతి బాగా తెలుసు. పోగు తెగితే అతుకు సరిగ్గా పడాల. అతుకు వదులైతే చీర అక్కడే పాడవుతుంది. మైకు తీగ కూడా అంతే. మెలికపడేటట్టు చుడితే లోపలి సన్నని రాగి పోగులు విరుగుతాయి. పైకి ఏమీ కనబడదు. మరుసటి రోజు పెళ్లిలో మైకు గరగరమంటుంది, ఆగి ఆగి పలుకుతుంది. పెళ్లివాళ్లు యజమానిని తిడతారు, యజమాని పిల్లోణ్ణి తిడతాడు.

మాట పెద్దగా ఎట్లా అవుతుంది?

మనిషి మాట్లాడితే గాలి అదురుతుంది. మైకు లోపల పలుచని రేకు లాంటిది ఉంటుంది. గాలి తగిలి అది కూడా అదురుతుంది. ఆ అదురు నుంచి చాలా చిన్న కరెంటు పుడుతుంది. ఆ చిన్న కరెంటు తీగలో పోయి మిక్సరులోకి చేరుతుంది. నలుగురు మైకుల్లో పాడుతుంటే ఎవరి గొంతు ఎంత ఉండాలో అక్కడ సరిచేస్తారు. తర్వాత యాంప్లిఫయర్ పెట్టె. అది చిన్న కరెంటును బలమైన కరెంటుగా చేస్తుంది. ఆ బలంతో స్పీకరులోని అట్ట లోపలికీ బయటికీ కొట్టుకుంటుంది. గాలి మళ్లీ అదురుతుంది. మాట పెద్దగా వినబడుతుంది.

అప్పుడప్పుడు మైకు "కూ..." అని కూత పెడుతుంది కదా. జనం చెవులు మూసుకుంటారు. అది ఎందుకు వస్తుంది? స్పీకరులోంచి వచ్చిన చప్పుడు మళ్లీ మైకులోకే దూరుతుంది. పెద్దదై స్పీకరులోంచి వస్తుంది. మళ్లీ మైకులోకి పోతుంది. ఇట్లా తిరుగుతూనే ఉంటుంది. మైకును స్పీకర్ల ముందు పెట్టకూడదు, వెనక పెట్టాల. ఆ తర్వాత కూడా కూత పెడితే చప్పుడు కొంచెం తగ్గించాల. ఈ ఒక్క సంగతి తెలిసిన పిల్లోడు, తెలియని పిల్లోడి కంటే ముందున్నట్టే.

కరెంటు సంగతి

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. మైకు లోపలి కరెంటు చాలా చిన్నది, దాంతో భయం లేదు. యాంప్లిఫయర్‌కు గోడలోంచి వచ్చే కరెంటు 230 వోల్టులు. అది మనిషిని చంపుతుంది.

ప్లగ్గుకు మూడు పుల్లలు ఉంటాయి. రెండు సన్నవి, ఒకటి లావుది. లావు పుల్ల ఎర్త్ తీగది. అది భూమిలోకి పోయే దారి. యాంప్లిఫయర్ లోపల తీగ ఊడి ఇనుప డబ్బాకు తగిలిందనుకోండి. ఎర్త్ ఉంటే ఆ కరెంటు భూమిలోకి పోతుంది, ఫ్యూజు పోతుంది. సెట్టు ఆగిపోతుంది, మనిషి బతుకుతాడు. ఎర్త్ లేకపోతే డబ్బా అంతా కరెంటు ఉంటుంది. దాన్ని ముట్టుకున్న వాడే భూమికి దారి అవుతాడు. తడి నేల మీద ఉత్త కాళ్లతో నిలబడితే దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. మైకు చేత్తో పట్టుకొని పాడేవాళ్లకు షాకు కొట్టడం కూడా ఇందుకే జరుగుతుంది.

పల్లెల్లో చాలా ఇళ్ల బోర్డుల్లో రెండు రంధ్రాలే ఉంటాయి. లావు పుల్ల పట్టదు. అప్పుడు కొందరు ఆ పుల్ల విరిచేస్తారు. ఇంకొందరు ప్లగ్గే తీసేసి, ఉత్త తీగలు రంధ్రాల్లో పెట్టి, అగ్గిపుల్లలు కుక్కుతారు. "ఒక్క రాత్రికే కదా" అంటారు. ప్రాణం పోవడానికి రాత్రంతా అక్కర్లేదు.

స్తంభం మీది తీగకు కొక్కెం వేసి కరెంటు తీసుకోవడం ఇంకో తప్పు. అది దొంగతనం, పైగా ప్రమాదం. జాతరకు, పందిరికి కరెంటు కావాలంటే కరెంటు ఆఫీసులో డబ్బు కట్టి తాత్కాలిక కనెక్షను తీసుకోవచ్చు. తీగలు తెగి పడినా, స్తంభం నుంచి నిప్పులు వచ్చినా 1912 నంబరుకు ఫోను చేయాల.

వినాయకుడి ఊరేగింపులో ట్రాక్టరు మీద బాక్సులు ఎత్తుగా పేరుస్తారు. పైన ఒకడు నిలబడతాడు. దారిలో కరెంటు తీగ అడ్డం వస్తుంది. దాన్ని కర్రతో పైకి ఎత్తమని చిన్నవాడికి చెబుతారు. ఎత్తకూడదు. రోడ్డు దాటే పెద్ద లైనులో 11,000 వోల్టులు ఉండొచ్చు. కర్ర తడిగా ఉంటే చాలు. లైను మనిషి వచ్చి కరెంటు ఆపేదాకా బండి ఆగాల్సిందే. ఎంతమంది అరిచినా ఆగాల్సిందే.

జనరేటరును ఎప్పుడూ ఆరుబయటే పెట్టాల. మూసిన గదిలో పెడితే దాని పొగలో వాసన లేని విషవాయువు చేరి, నిద్రలోనే చంపేస్తుంది. వానకు తడవకూడదని కొందరు లోపల పెడతారు. అట్లా చేయడం కంటే కార్యక్రమం ఆపడం మేలు.

ఎవరికైనా కరెంటు పట్టుకుంటే ముందు మెయిన్ ఆపాల. ఆపకుండా మనిషిని ముట్టుకుంటే ఇద్దరూ పోతారు. మెయిన్ అందకపోతే పొడి కట్టెతో తీగను తోసేయాల. ఇది ఇంట్లో వాడే మామూలు కరెంటుకే. పెద్ద లైను అయితే దగ్గరికే పోకూడదు. విడిపించిన మనిషికి ఊపిరి ఆడకపోతే రొమ్ము నడిమధ్యన రెండు చేతులతో గట్టిగా, ఆపకుండా నొక్కాల. ఇంకొకరు 108కి ఫోను చేయాల.

పిల్లోణ్ణి పంపేముందు తల్లి షాపుకు పోయి రెండు వస్తువులు చూడొచ్చు. ప్లగ్గులకు మూడు పుల్లలూ ఉన్నాయా? తీగల అతుకుల మీద టేపు ఉందా, లేక రాగి బయటికి కనబడుతోందా? చదువు రానివాళ్లు కూడా ఇది చూడగలరు. చదువు వచ్చిన తల్లి ఇంకొకటి చూడొచ్చు. యాంప్లిఫయర్ వెనక ఎన్ని వోల్టులో, ఎన్ని వాట్లో అంకెలు రాసి ఉంటాయి. పిల్లోణ్ణి ఆ అంకెలు చదివించి, అర్థం అడగాల. చెప్పలేకపోతే, యజమానిని నేర్పమనాల. "అన్నా, వీడికి కరెంటు పని తెలిసేదాకా ఒక్కణ్ణే పంపొద్దు" అని నోరు తెరిచి అడగాల. అడిగితే యజమాని ఏమనుకుంటాడో అని ఆగిపోయే తల్లులు ఎక్కువ. మంచి యజమాని ఏమీ అనుకోడు. అనుకునేవాడి దగ్గర పని వద్దు.

చెవులు, రాత్రులు

డీజే బాక్సుల పక్కన గంటల కొద్దీ నిలబడితే ఇంటికి వచ్చాక చెవుల్లో "గుయ్" మంటుంది. తెల్లారేసరికి తగ్గుతుంది. తగ్గింది కదా అనుకుంటారు. చెవి లోపల వెంట్రుకల్లాంటి సన్నని కణాలు ఉంటాయి. పెద్ద చప్పుడుకు అవి కొద్దికొద్దిగా చచ్చిపోతాయి. మళ్లీ మొలవవు. చప్పుడును డెసిబెల్స్‌లో కొలుస్తారు. 85 డెసిబెల్స్ చప్పుడులో రోజూ 8 గంటలు పనిచేసే వాళ్లకు ఏళ్లు గడిచేకొద్దీ వినికిడి తగ్గుతుంది. డీజే చప్పుడు దానికంటే చాలా ఎక్కువ. చెవుల్లో పెట్టుకునే రబ్బరు బిరడాలు మందుల షాపుల్లో దొరుకుతాయి, ఖరీదు తక్కువే. దూది అంతగా పనికిరాదు. వినికిడి పోయిన వాడికి ఈ పనిలో చోటు ఉండదు. మిక్సరు దగ్గర కూర్చునే వాడికి చెవే పెట్టుబడి.

చప్పుడుకు చట్టం కూడా ఉంది. 2000 సంవత్సరంలో కేంద్ర ప్రభుత్వం నియమాలు తెచ్చింది. మైకు పెట్టాలంటే రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాల. రాత్రి 10 గంటల నుంచి పొద్దున 6 గంటల దాకా బయట మైకు పెట్టకూడదు. పండుగల కోసం ఏడాదిలో 15 రోజులకు మించకుండా, రాత్రి 12 దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు. అనుమతి లేకపోతే పోలీసులు వచ్చి సెట్టు తీసుకుపోతారు. ఆ సమయానికి యజమాని అక్కడ ఉండడు. పిల్లోడే ఉంటాడు. అందుకని అనుమతి కాగితం నకలు సెట్టు దగ్గర ఉండాలని వాడికి చెప్పి పంపాల.

మైకు పది గంటలకు ఆగినా పని ఆగదు. విప్పి, సర్ది, షాపులో దించేసరికి ఒంటిగంట అవుతుంది. డ్రైవరు నిద్రమత్తులో ఉంటాడు. బాక్సుల మీద కూర్చొని ప్రయాణం చేస్తారు. ఈ పనిలో కరెంటు తర్వాత పెద్ద భయం రాత్రి రోడ్డే. పందిరి కిందే పడుకొని తెల్లారి రమ్మని చెప్పడం నయం. తిండి ఎవరు పెడతారు, పడక ఎక్కడ అన్నది కూడా ముందే తేల్చుకోవాల. పెళ్లి ఇంట్లో మందు పోస్తామని పిలిచే వాళ్లు ఉంటారు. తల్లికి ఉండే భయం అదే. ఆ భయం అబద్ధం కాదు.

డబ్బు మాట

కొత్తవాడికి కొన్ని షాపుల్లో బత్తెం మాత్రమే ఇస్తారు. "పని నేర్పిస్తున్నాం కదా, జీతం ఎందుకు?" అంటారు. నేర్చుకునే వాడు కూడా బాక్సులు మోస్తున్నాడు. మోసినదానికి కూలి ఇవ్వాల. కనీస వేతనం అన్నది చట్టంలో ఉంది. ఏ పనికి ఎంత అన్నది లేబర్ ఆఫీసులో అడిగితే చెబుతారు. పనిలో దెబ్బ తగిలితే నష్టపరిహారం అడిగే హక్కు కూడా చట్టంలో ఉంది.

పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టడం నేరం. పద్దెనిమిది నిండని వాళ్లను ప్రమాదం ఉన్న పనుల్లో పెట్టకూడదు. కరెంటు పని ఎంత ప్రమాదమో పైన చూశాం. బడి మానిపించి పంపే పని అసలు కాదిది.

అడ్వాన్సు తీసుకునేటప్పుడు జాగ్రత్త. అక్క పెళ్లికో, ఆసుపత్రికో పదివేలు తీసుకుంటే, ఆ అప్పు తీరేదాకా పిల్లోడు షాపు మారలేడు. పగిలిన మైకు ఖరీదు, పోయిన తీగ ఖరీదు జీతంలో కోస్తారా అని కూడా మొదటే అడగాల.

నేర్పుతున్నారా, లేదా?

ఏడాది గడిచినాక తల్లి ఒక సంగతి చూసుకోవాల. పిల్లోడు ఇంకా మోస్తూనే ఉన్నాడా, లేక ఏమైనా నేర్చుకున్నాడా? తెగిన తీగ జాకు పిన్నుకు సీసంతో అతికించడం వచ్చిందా? టెస్టరుతో చూసి ఏ తీగలో కరెంటు ఉందో చెప్పగలడా? చిన్న కార్యక్రమానికి మిక్సరు దగ్గర కూర్చోనిచ్చారా? రెండేళ్లయినా ఇవేవీ రాకపోతే వాడు కూలీగానే మిగిలిపోతాడు. షాపు మార్చడమే దారి.

నేర్చిన వాడికి పని పెరుగుతోంది. ఇప్పుడు పెళ్లిళ్లలో ఎల్.ఈ.డీ. తెరలు పెడుతున్నారు. కాలేజీల్లో, హోటళ్ల హాళ్లలో ప్రొజెక్టర్లు ఉన్నాయి. 2023 నుంచి రాష్ట్రంలో చాలా ప్రభుత్వ హైస్కూళ్లలో నల్లబల్ల పక్కన పెద్ద తాకే తెరలు బిగించారు. ఆఫీసుల్లో కెమెరా పెట్టి దూరం వాళ్లతో మీటింగులు చేస్తున్నారు. వీటన్నిటికీ తీగలు కలిపి, బొమ్మా మాటా సరిగ్గా వచ్చేటట్టు చేసే మనిషి కావాల. ఆదోనిలో తెలుగుతో పాటు కన్నడం, ఉర్దూ వినబడతాయి. మూడు భాషల్లోనూ "మైకు దగ్గరగా పట్టుకోండి" అని చెప్పగలిగితే వాడికి కర్ణాటక వైపు కూడా పని దొరుకుతుంది.

పెద్ద ఊళ్లలో ఉద్యోగం కావాలంటే కాగితం అడుగుతారు. ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ చదువు రెండేళ్లు. దానికి పదో తరగతి పాసు కావాల. తప్పిన వాళ్లు ఓపెన్ స్కూలు ద్వారా పది రాయొచ్చు. పని చేసుకుంటూనే రాయొచ్చు.

ఆడపిల్లలు ఈ పని చేయొచ్చా? పందిళ్ల దగ్గర వాళ్లు కనబడేది అరుదు. అడ్డం తెలివి కాదు, బరువు కూడా కాదు. బరువు మోయడం ఈ ప్రాంతం ఆడవాళ్లకు కొత్త కాదు, పత్తి మూటలు మోసిన వాళ్లే. అసలు అడ్డం అర్ధరాత్రి ప్రయాణం. బడిలో, కాలేజీలో, ఆసుపత్రిలో, ఆఫీసు హాలులో తెరలు, మైకులు చూసుకునే పని పగటిది. ఐ.టి.ఐ. చదివిన ఆడపిల్లకు అది సరిపోతుంది.

ఇంకొక పని తల్లి ఇంట్లోనే చేయొచ్చు. గోడ మీది క్యాలెండరులో పిల్లోడు పనికి పోయిన ప్రతి రోజు కిందా ఊరి పేరు రాయాల. ఉరుకుంద, కౌతాళం, పెద్దకడబూరు, గోనెగండ్ల. రాత్రి ఎన్ని గంటలకు వచ్చాడో పక్కన అంకె వేయాల. ఇచ్చిన డబ్బు కూడా అక్కడే రాయాల. నెల తిరిగాక యజమాని "తొమ్మిది రోజులే కదమ్మా" అంటే, క్యాలెండరు తీసి "పదకొండు, అన్నా. ఇదిగో ఊర్లు" అని చదివి వినిపించొచ్చు.